పొట్లంలో ఏముంది: తిమ్మాజిపేట డైరీ పుటలు

9 జూన్ 2024, ఆదివారం

మృగశిర వచ్చింది. వాన ఇంకా గట్టిగా పడలేదు గాని గాలి మారింది. పొద్దున్నే గొరిట నుంచి అన్న, వదిన వచ్చారు, వెంట మేనల్లుడు. కార్తె కదా అని చేపలు తెప్పించాను. అన్నకు రెండు ముక్కలే, ఉప్పు తక్కువ వేసి. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. కొన్నాళ్లుగా ఆయనకు ఏం తిన్నా నోట్లో ఇనుము రుచే.

అన్న క్రియాటినిన్ 4.1. హైదరాబాద్‌లో కిడ్నీ డాక్టరు లెక్కగట్టి వడపోత శక్తి 16 దగ్గర ఉందన్నాడు. మంచి మూత్రపిండానికి అది 90 పైన ఉండాలి. డయాలసిస్ ఇవాళే అక్కర్లేదు, కానీ ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించి పెట్టుకోండి, అక్కడి నరం గట్టిపడి డయాలసిస్ సూదికి పనికిరావడానికి వారాలు పడుతుంది అని చెప్పాడు. అన్నకు అక్కడే కోపం వచ్చింది.

"సెయ్యి గోపిచ్చుకుంటే పార ఎట్ల పట్టాలె చెల్లె? పత్తి ఇత్తనాలు పెట్టే దినాలాయె."

అన్నాలయ్యాక మేనల్లుడు సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. చైనా మందట, ఆన్‌లైన్లో తెప్పించాడు. లోపల చిన్న పొట్లాలు, వాటిలో మట్టిరంగు పలుకులు. వేడి నీళ్లలో కలిపి తాగాలి. ఫోన్లో వీడియో కూడా చూపించాడు: తెల్లకోట్లు, ఆవిరి లేస్తున్న కొయ్య తొట్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న రోగులు, నడుముకు కట్టిన మూలికల పట్టీలు. "డయాలసిస్ లేకుండనే దిగుతదంట అత్తా. నువ్వు చెట్ల పాఠాలు చెప్పినదానివి, నువ్వే చూసి చెప్పు."

వాడి కళ్లలో తండ్రి కోసం పడుతున్న ఆరాటం కనపడుతోంది. కసురుకోవడానికి నాకు నోరు రాలేదు. రెండు పొట్లాలు, డబ్బా అట్ట నా దగ్గర పెట్టుకున్నాను. నేను చదివి చెప్పేదాకా తాగించొద్దన్నాను.

11 జూన్, మంగళవారం

ఫోన్ కెమెరా పెడితే చైనా అక్షరాలు మారుతున్నాయి గాని మొక్కల పేర్ల దగ్గర అన్నీ పిచ్చి మాటలే వస్తున్నాయి. ఒక్కొక్కదానికీ లాటిన్ పేరు పట్టుకుంటూ పోయాను. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్ని రోజులూ పిల్లలు ఈ లాటిన్ పేర్లెందుకు మేడమ్ అని విసుక్కునేవాళ్లు. ఇదిగో, ఇందుకు.

మొదటి పేరు దాహువాంగ్. మన మూలికల కొట్లో రేవల్చిన్ని అని దొరికే పసుప్పచ్చ వేరుకు ఇది దగ్గరి చుట్టం. విరేచనాలు చేయించే వేరు. చైనా వైద్యులు కిడ్నీ జబ్బులో దీన్ని వాడటానికి కారణం అదే: పేగుల దారిన కొంత యూరియా పోతుందని. కషాయంగా తాగిస్తారు, ఎనిమాగానూ ఎక్కిస్తారు. రెండోది హువాంగ్‌చీ, చిక్కుడు కుటుంబపు మొక్క వేరు, మూత్రంలో ప్రొటీన్ పోకుండా చేస్తుందని పేరు. ఆ తర్వాత మల్బరీ వేరు బెరడు, పియోనీ వేరు, పైన్ చెట్ల వేళ్ల మీద పెరిగే ఒక పుట్టగొడుగు, హెషౌవు అనే మూలిక. ఈ హెషౌవు వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు చైనాలోనే నమోదయ్యాయి. ఇవి కాక చక్కెర. అన్న షుగర్ రోగి. అట్ట మీద ఆ మాట ఎంత చిన్న అక్షరాల్లో ఉందో.

ఇలాంటి మిశ్రమాన్నే, న్యావ్‌దూచింగ్ అనే గుళికల్ని, చైనా డాక్టర్లు 22 ఆసుపత్రుల్లో 300 మంది మీద పరీక్షించి 2017లో ప్రచురించారు. 24 వారాలు. కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి గుళికలు. మందు తాగినవాళ్లలో క్రియాటినిన్ పెరగడం నెమ్మదించింది. ఆ పరీక్ష జరిగిన తీరును నేను గౌరవిస్తాను. మన దగ్గర గలిజేరు మీద, పల్లేరు మీద ఇంతమందితో ఇంత జాగ్రత్తగా ఎన్ని జరిగాయి? కానీ పెరగడం నెమ్మదించడం వేరు, దిగిపోవడం వేరు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లను ఆ పరీక్షలోకి తీసుకోనేలేదు. వీడియో చెప్పేదానికీ ఆ డాక్టర్లు రాసినదానికీ పొత్తు లేదు.

హువాంగ్‌చీ మీద 2014లో కొక్రేన్ అనే సమీక్షల సంస్థ వాళ్లు 22 పరీక్షల్ని, 1323 మంది రోగుల్ని కలిపి చూశారు. కొంత మేలు ఉన్నట్టుంది, పరీక్షల నాణ్యత తక్కువ కాబట్టి గట్టిగా చెప్పలేమన్నారు. ఇదీ నిజాయితీగల జవాబు.

16 జూన్, ఆదివారం

నిన్న రాత్రి వాన. తూము దగ్గర కప్పల గోల. నిద్ర పట్టక చదువుతూ కూర్చున్నాను.

చైనా పాత వైద్యంలో మూత్రపిండం అంటే మన డాక్టరు చెప్పే వడపోత అవయవం ఒక్కటే కాదు. ప్రాణసారం దాచుకునే చోటు అది. ఎముక, వెంట్రుక, చెవి దాని ఆధీనంలో ఉంటాయి, దాని రుతువు చలికాలం. దానికి కేటాయించిన ఉద్వేగం భయం. 'దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి' అనే జబ్బు ఆ పుస్తకాల్లో లేదు. ఒంటికి నీరు పట్టడం, బలం క్షీణించడం, మూత్రం ఆగి వాంతులవడం, వీటికి వేర్వేరు పేర్లున్నాయి. నాడి చూసి, నాలుక చూసి, మనిషి మనిషికీ మందు మారుస్తారు. అలాంటప్పుడు ఒకే పొట్లం గొరిట రైతుకూ బీజింగ్ గుమాస్తాకూ ఎట్లా సరిపోతుంది? ఆ వైద్యాన్ని నమ్మేవాళ్లు కూడా అడగాల్సిన ప్రశ్నే ఇది.

వీడియోలోవి ఒక్కొక్కటిగా ఆలోచించాను. కాళ్లు నానబెట్టే తొట్టి: వేడికి చెమట పడుతుంది, హాయిగా ఉంటుంది, నిద్ర వస్తుంది. కానీ అన్నకు అరికాళ్ల స్పర్శ పోయింది. మొన్న చెప్పు లోపల రాయి ఉన్నా తెలియలేదు. కాగే నీళ్లలో పెడితే బొబ్బలెక్కేదాకా తెలియదు, షుగర్ కాలికి పుండు పడితే వేలు తీసేయాల్సి రావచ్చు. నడుముకు పట్టీ: చర్మం దాటి మందు మూత్రపిండాన్ని చేరి దాన్ని బాగుచేస్తుందనడానికి నాకు ఆధారం కనపడలేదు. సూదులు: వాటి గురించి ఇంకా చదవాలి.

చైనాలో ఇంకో జానపద వైద్యం ఉంది, గడ్డిచేప పిత్తాశయం పచ్చిగా మింగడం. కంటికీ కీళ్లకూ మంచిదని మింగుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కొద్ది రోజుల్లో కిడ్నీలు ఆగిపోయిన కేసులు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి. మన దేశంలో రోహు పిత్తం మింగి అట్లాగే అయినవాళ్లున్నారు. పాత పద్ధతి అనగానే చల్లనిది, హాని లేనిది అనుకునే అలవాటు అక్కడా ఇక్కడా ఒక్కటే.

23 జూన్, ఆదివారం

గొరిట వెళ్లాను. నేను వద్దన్న మందు పది రోజులుగా తాగుతూనే ఉన్నాడు. వదిన వంటింట్లోకి లాగి చెప్పింది. "దినాం నాలుగైదు మాట్ల పోతుండు. ఒళ్లు తేలికైంది అంటుండు. గని లేశి నిలవడితే కండ్లు తిరుగుతున్నయంట. నువ్వన్న జెప్పు, నా మాట ఇనడు."

తేలికవడం నిజమే. ఒంట్లో నీరు పోతోంది, కాళ్ల వాపు దిగింది, అందుకే నమ్మకం కుదిరింది. ఇక్కడే ప్రమాదం. పొద్దున టెల్మిసార్టాన్ వేసుకుంటున్నాడు, దానితోపాటు నీరు తీసే మాత్ర. విరేచనాలతో నీళ్లు పోతున్నప్పుడు ఈ రెండూ కలిస్తే మూత్రపిండాలకు చేరే రక్తం ఇంకా పడిపోతుంది. మంచం మీద కూర్చుని బీపీ చూశాను, 100 దాటలేదు.

డాక్టరుకు అక్కడినుంచే ఫోన్ చేశాను. పొడి ఆపమన్నాడు, విరేచనాలు తగ్గేదాకా ఆ రెండు మాత్రలూ ఆపి రేపే రక్తపరీక్ష చేయించమన్నాడు. ఎంత నీళ్లు తాగాలో కొలత చెప్పాడు. అన్న నా వైపు చూడకుండా విన్నాడు.

"మందు మంచిదే చెల్లె. నా ఒంటికి పడలె, గంతే."

వాదించలేదు.

26 జూన్, బుధవారం

క్రియాటినిన్ 4.9. పొటాషియం 5.8.

పొటాషియం ఎందుకు పెరిగిందా అని వదినను ఆరా తీస్తే తెలిసింది: పక్కింటి పెద్దమ్మ చెప్పిందని రోజూ గలిజేరు కూర, కొత్తిమీర నీళ్లు కూడా నడుస్తున్నాయి. గలిజేరును వైద్యులు పునర్నవ అంటారు, వాపు తగ్గిస్తుందని పేరు, చిన్నప్పుడు మేమంతా పప్పులో తిన్నాం. మంచి మూత్రపిండాలున్నవాడికి అది కూర. అన్నకు ఏ ఆకుకూరైనా ముక్కలు కోసి ఉడికించి ఆ నీళ్లు పారబోసి, కొంచెమే పెట్టాలి. పొటాషియం ఇంకా ఎక్కితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ నొప్పీ చెప్పదు.

వదినకు చీటీ రాసిచ్చాను. పెద్ద అక్షరాలతో.

4 జూలై, గురువారం

క్రియాటినిన్ 4.5కు దిగింది. విరేచనాల వల్ల పెరిగింది తగ్గినట్టు. మొదటి అంకెకు రాలేదు, రాదేమో.

మేనల్లుడు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. "అంటే చైనా మందులన్నీ మోసమేనా అత్తా?" కాదని చెప్పి, బెల్జియం సంగతి చెప్పాను. ఇక్కడ కూడా రాసి పెట్టుకోవాలి.

1990లో బ్రస్సెల్స్‌లో ఒక క్లినిక్ ఒళ్లు తగ్గే గుళికల్లో రెండు చైనా మూలికలు కలపడం మొదలుపెట్టింది. రెండేళ్లలో వయసులో ఉన్న ఆడవాళ్లు కిడ్నీలు పూర్తిగా పాడై ఆసుపత్రుల్లో చేరసాగారు. వాన్‌హెర్‌వెగెమ్ అనే డాక్టరూ ఆయన సహచరులూ 1993లో దాన్ని బయటపెట్టారు. చివరికి నూరు మందికి పైగా బాధితులు తేలారు. గుళికల్లో ఉండాల్సింది స్టెఫానియా అనే తీగ వేరు. దాని చోట పడింది అరిస్టొలోకియా వేరు. చైనా మూలికల బజారులో రెండింటినీ 'ఫాంగ్‌జీ' అనే పిలుస్తారు, ముందు చేర్చే మాటే తేడా. ఎండి ముక్కలైన వేళ్లను కంటితో పోల్చుకోవడం కష్టం. అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండంలో కణాల డీఎన్ఏకు అతుక్కుని ఉండిపోతుంది. మచ్చలు కట్టి అవయవం కుంచించుకుపోతుంది. 2000లో ప్రచురించిన పరిశీలనలో ఆ రోగుల్లో 39 మందికి పాడైన మూత్రపిండాలూ మూత్రనాళాలూ తీసి చూస్తే 18 మందికి క్యాన్సర్ ఉంది.

బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ ఉపనదుల ఒడ్డు పల్లెల్లో తరతరాలుగా వస్తున్న కిడ్నీ జబ్బుకు కూడా ఇదే ఆమ్లం కారణమని తర్వాత తేలింది. గోధుమ చేలల్లో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా గింజలు పిండిలో కలిసేవి. తైవాన్‌లో ప్రిస్క్రిప్షన్ మీదే కోట్ల డోసులు పోయాయి, 2003లో నిషేధించారు. అదే ఏడాది చైనా కూడా గ్వాన్‌ముతోంగ్ అనే అరిస్టొలోకియా మూలికను మందుల జాబితా నుంచి తీసేసింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లోనే ఈ జాతి మొక్కలున్న మందుల్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో పెట్టింది.

ఇక నా చేతికి దగ్గరి సంగతి. ఫోన్ పెట్టేశాక అన్న వాళ్ల పత్తిచేను గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. గాడిదగడపాకు! నల్లరేగడి చేలల్లో నేలబారుగా పాకుతుంది, ముదురు ఊదారంగు గొట్టం పువ్వు, చెడు వాసన, నోట్లో పెడితే భరించలేని చేదు. అరిస్టొలోకియా బ్రాక్టియోలాటా. ఆకు ఆకారం వృక్కాకారం, అంటే మూత్రపిండం మాదిరి. ప్రాక్టికల్స్‌లో ఆ ఆకారానికి నమూనాగా పిల్లలకు అదే చూపించేదాన్ని. పల్లెల్లో దీని రసం పశువుల పుండ్లలో పురుగులకు పోస్తారు, అది సరే. కడుపులో పురుగులకని పిల్లలకు తాగించేవాళ్లూ ఉన్నారు. పాముకాటుకు నమ్ముకునే ఈశ్వరి వేరు, నల్లమలలో దొరికేది, దీని సొంత అక్క. ఎర్ర మచ్చల నల్ల సీతాకోకచిలుక, క్రిమ్సన్ రోజ్, ఈ మొక్కల మీదే గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు ఆ ఆమ్లాన్ని ఒంట్లో దాచుకుంటుంది, పిట్టలు ఆ సీతాకోకచిలుకను ముట్టవు. పిట్టలకు తెలిసింది మనకు తెలియాలి.

17 జూలై, బుధవారం

తొలి ఏకాదశి. పేలపిండి కొట్టాను. అన్నకు చిటికెడు, బెల్లం లేకుండా. నవ్వాడు, చాలా రోజులకు.

రాత్రిళ్లు దురద. గోళ్లతో గీరుకుని చేతులంతా చారలు. వదిన కొబ్బరినూనె రాస్తూ మేలుకుంటుంది. ఒంట్లో భాస్వరం, ఇతర మలినాలు పేరుకుంటే వచ్చే దురద అది. మామూలు అలర్జీ మాత్రలకు లొంగదు. సూదుల వైద్యం మీద ఇక్కడ నాకు పనికొచ్చేది దొరికింది. తైవాన్‌లో డయాలసిస్ రోగులు 40 మంది మీద 2005లో ఒక పరీక్ష అచ్చయింది. మోచేతి బయటి వైపు, చెయ్యి మడిచినప్పుడు ముడత ఆగే చోట 'చూచీ' అనే బిందువు ఉంటుంది. అక్కడ వారానికి మూడుసార్లు సూది పెడితే, ఉత్తుత్తి చోట పెట్టినవాళ్లకంటే దురద తగ్గింది. చిన్న పరీక్షే. కానీ మింగేది ఏమీ లేదు, కాలేయానికి బరువు లేదు. డాక్టరును అడిగితే, శుభ్రమైన కొత్త సూదులతో నేర్చినవాళ్లు పెడితే అభ్యంతరం లేదు, కుడి చేతికే, ఎడమ చెయ్యి జోలికి వెళ్లొద్దు అన్నాడు. సూదులంటే అన్నకు భయం. ప్రస్తుతానికి వదిన ఆ బిందువును బొటనవేలితో నొక్కుతోంది. దురదకు ఎంత పనిచేస్తుందో చెప్పలేను, ఆయన మాత్రం పడుకుంటున్నాడు.

చైనా వైద్యంలో నాకు నచ్చింది ఈ మూల. బాధ తగ్గించేది, డయాలసిస్ యంత్రాన్ని కాదనమననిది.

2 ఆగస్టు, శుక్రవారం

ఫిస్టులా అయింది. మణికట్టు పైన చిన్న కోత. సిరను తెచ్చి ధమనికి కలిపారు. చెయ్యి పెడితే లోపల జరజరమని రక్తం పారడం తెలుస్తుంది. ఆ చేతికి బీపీ పట్టా కట్టకూడదు, రక్తం తీయకూడదు, బరువు మొయ్యకూడదు. ఒప్పించింది నేను కాదు. వార్డులో పక్క మంచం మీద వనపర్తి వైపు మేస్త్రీ ఒకాయన ఏళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడట. ఫిస్టులా లేకుండా మెడ నరంలో గొట్టం వేయించుకుని, చీము పట్టి, చావు దాకా వెళ్లొచ్చిన కథ అన్నకు చెప్పాడు. "నెత్తురు పోయే తొవ్వ ముందుగల్ల ఏసుకో అన్నా" అన్నాడట.

డయాలసిస్ మొదలైతే ఎట్లా అని వదిన బెంగ. ఆరోగ్యశ్రీలో ఖర్చు లేదు. డయాలసిస్ రోగులకు ఆసరా పింఛన్ 2022 నుంచి ఇస్తున్నారు, 2016 రూపాయలు. వారంలో రెండు మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద. చేను కౌలుకిచ్చే మాట మెల్లగా వస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అన్న తన కూలి రోజులు తలుచుకున్నాడు. దేశంలో ఎక్కడ కట్ట పోసినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ ఉన్న కాలం. ఎండలో పొద్దంతా మట్టి పని, నీళ్లు దొరికితే తాగడం, సాయంత్రం ఒళ్లు నొప్పులకు సూది, మాత్ర. తర్వాత ఊళ్లో కూడా నడుం నొప్పి వస్తే డైక్లోఫెనాక్, ఎన్నేళ్లో ఆయనకే గుర్తులేదు. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరుకు కోత కూలీల్లో షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్న సంగతి చదివాను. మన ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య అదే కష్టం, కారణం ఇదని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో అక్కడి పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అన్నకు మాత్రం షుగరు, ఎండ, ఆ మాత్రలు మూడూ కలిశాయని నా నమ్మకం. పొట్లం చైనాదా మనదా అని తగువు పడే ముందు, కిరాణా కొట్లో కూడా చీటీ లేకుండా దొరికే ఆ నొప్పి మాత్ర గురించి ప్రతి ఇంట్లో మాట్లాడాలి.

25 ఆగస్టు, ఆదివారం

మూలికలమ్మే పెద్దాయన దగ్గర గంటసేపు కూర్చున్నాను. చేతిలో విద్య ఉన్న మనిషి, వేరు విరిచి వాసన చూసి చెబుతాడు. గాడిదగడపాకు గురించి అంతా విన్నాడు. "పైపూతకు ఇస్త, కడుపులకు ఇయ్య ఇగ" అన్నాడు. ఈశ్వరి వేరు సంగతి ఒప్పుకోలేదు. తాత నుంచి వస్తున్నదట. పాము కరిస్తే గంట కూడా ఆలస్యం చేయకుండా దవాఖానకు పంపుతానని మాత్రం మాటిచ్చాడు. భస్మాల గురించి కూడా అడిగాను. వేలూరు సీఎంసీ డాక్టర్లు పాదరసం ఉన్న నాటు మందులు వాడినవాళ్లలో మూత్రంలో ప్రొటీన్ పోయే ఒక జబ్బును గుర్తించారు, మందు ఆపేస్తే చాలామందిలో తగ్గింది. ఇవి తన దగ్గర లేవని డబ్బాలు తీసి చూపించాడు.

గురువారం గొరిటలో మహిళా సంఘం మీటింగు. ఆశా కార్యకర్త నన్ను మాట్లాడమంది. చెప్పాల్సినవి మూడే: షుగరు, బీపీ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి; ఏ పొట్లమైనా, ఏ ఊరిదైనా, లోపలి మొక్క పేరు అడగాలి, డాక్టరుకు చూపించాలి; 'మిషన్ వద్దు, మా మందు చాలు' అనేవాడి దగ్గర డబ్బు కట్టకూడదు.

కాగితానికి అంటించిన గాడిదగడపాకు కొమ్మ ఒకటి ఉంది గాని పువ్వు రాలిపోయింది. మీటింగులో చూపించడానికి పువ్వున్నది కావాలి. మేనల్లుడు శనివారం వచ్చి చేలో వెతికి తెస్తానంటే, మీటింగు గురువారమే కదరా అని బుధవారమే రమ్మన్నాను. వినాయక చవితి 7న. పిల్లలు పత్రి కోసం చేలన్నీ గాలిస్తారు, ఈలోపే బడికి కూడా ఆ కాగితం తీసుకెళ్లాలి. అన్నకు 9న రక్తపరీక్ష.